చర్చి పిల్లలు, ఊరి పిల్లలు కలిసి ఆడే జట్టు: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరి చర్చికి వెళ్లినా ఒక సంగతి కనిపిస్తుంది. ఆదివారం ఆరాధనలో ముందు వరుసలన్నీ అమ్మలు, అమ్మమ్మలు. కుర్రాళ్లు తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట, సగం లోపల సగం బయట నిలబడి ఉంటారు. అదే కుర్రాళ్లను సాయంత్రం వాలీబాల్ కోర్టు దగ్గర చూడండి. ఒక్కడూ గట్టు మీద కూర్చోడు, ఎవరి చోటు ఏదో అందరికీ తెలుసు, బంతి కింద పడితే ప్రాణం పోయినట్టు చూస్తారు.

నేనూ ఆ తలుపు దగ్గరి కుర్రాణ్నే. మా బడిలో ఒక పీఈటీ సారు ఉండేవారు. మ్యాచ్ మొదలయ్యే ముందు పక్కకు వెళ్లి ఒక్క నిమిషం కళ్లు మూసుకునేవారు. మ్యాచ్ అయ్యాక, గెలిచినా ఓడినా, అవతలి జట్టు పిల్లల దగ్గరకు వెళ్లి దెబ్బలు తగిలాయా అని మోకాళ్లు చూసేవారు. రెండేళ్లు చూసి చూసి, ఎందుకు సార్ అని అడిగాను. ఆయన తన కథ చెప్పారు. ఆ కథ వెంట నడిచే నేను చర్చి లోపలి దాకా వచ్చాను. ఇప్పుడు పదకొండేళ్లుగా వర్ధన్నపేట వైపు మా ఊళ్లో ఒక జట్టు నడుపుతున్నాను. మీరూ మీ సంఘంలో అలాంటిది మొదలుపెట్టాలనుకుంటే, నేను పడుతూ లేస్తూ నేర్చుకున్న వరస ఇది.

ఒక మాట ముందే చెప్పాలి. ఆటను ఎరగా వాడకండి. బంతి చూపించి పిల్లల్ని పోగేసి, పోగయ్యాక ప్రసంగం చేస్తే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది, మళ్లీ రారు. వచ్చినా నమ్మరు. బాగా నేర్పడం, నిజాయితీగా ఆడించడం, ఒక్క పిల్లాడికీ దెబ్బ తగలకుండా ఇంటికి పంపడం, పరిచర్య అక్కడే మొదలవుతుంది. కింద చెప్పే ప్రతి పనికీ ఇదే కొలత.

మొదటి పని: పాస్టరు అయ్యగారితో, సంఘ పెద్దలతో కూర్చోండి

బంతి కొనక ముందే ఇది చేయండి. నేను చేయలేదు. ముందు నెట్ కట్టి తర్వాత చెప్పాను, ఆ తప్పు సరిదిద్దుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

పెద్దల దగ్గర రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, "చర్చి పేరు మీద బాల్ ఆటలేంది తమ్మీ, పిల్లలకు వాక్యం నేర్పాలె గని" అంటారు. రెండోది, శరీర సాధకం కొంచెం మట్టుకే ప్రయోజనకరమని పౌలు తిమోతికి రాసిన మాట ఎత్తుతారు. వాదన పెట్టుకోకండి. కొంచెం ప్రయోజనం ఉందని ఆ వాక్యమే ఒప్పుకుంటోంది కదా అని నెమ్మదిగా అనండి. తర్వాత పౌలు సంగతే చెప్పండి. ఆయన కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. ఆ ఊరి పక్కనే ఇస్త్మియా అనే చోట, మన మేడారం జాతరలాగే రెండేళ్లకోసారి పెద్ద ఆటల పోటీలు జరిగేవి. గెలిచినవాడి తలకు ఆకుల దండ చుట్టేవారు. అది ఎండి వాడిపోయేదే. క్షయమగు కిరీటం, అక్షయమగు కిరీటం అని ఆయన కొరింథు సంఘానికి రాసినప్పుడు అక్కడివాళ్ల కళ్లముందు ఆ దండే మెదిలి ఉంటుంది. పందెపు రంగం, పరుగు, గుద్దులాట, ఇవన్నీ ఆయన ఉత్తరాల్లో ఊరికే రాలేదు.

మన ప్రాంతం వాళ్లకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. డోర్నకల్ బిషప్ అజరయ్య పేరు మీ పెద్దల్లో అందరికీ తెలిసే ఉంటుంది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు, 1912లో. తిరునెల్వేలి వైపు నుంచి 1909లో డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకుని ఇక్కడే ఉండిపోయాడు, 1945 జనవరి 1న ఇక్కడే కన్నుమూశాడు. డోర్నకల్‌కు రాక ముందు ఆయన ఏం చేసేవాడు? 1895 నుంచి వైఎంసీఏ, అంటే క్రైస్తవ యువజన సంఘం, కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరుగుతూ యువకుల మధ్య పనిచేశాడు. సరిగ్గా అదే 1895లో, అమెరికాలో హోల్యోక్ అనే ఊళ్లో, విలియం మోర్గాన్ అనే వైఎంసీఏ వ్యాయామ శిక్షకుడు వాలీబాల్ కనిపెట్టాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1891 డిసెంబరులో, జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాడు. ఆయన వేదాంతం చదువుకున్నవాడు, వైఎంసీఏ శిక్షణ కళాశాలలో పనిచేసేవాడు. పండ్ల బుట్టలు బాల్కనీకి మేకులతో కొట్టి ఆట నేర్పాడు. మన ఊళ్లలో రోజూ సాయంత్రం ఆడే వాలీబాల్ పుట్టింది క్రైస్తవ యువజన సంఘంలోనే.

ఈ మాట చెప్పిన రోజు మా సంఘంలో అందరికన్నా గట్టిగా వద్దన్న తాత లేచి, "మరి గదేదో ముందు చెప్తే అయిపోవు గదా" అన్నాడు. మరుసటి వారం నెట్ మళ్లీ కట్టడానికి ఆయన ఇంటి వెనక వెదుళ్లే నరికి తెచ్చాం.

పెద్దల దగ్గర ఒప్పుకోలు తీసుకోవాల్సిన విషయాలు మూడున్నాయి. జట్టులో ఏ మతం పిల్లలైనా ఉంటారు. ఆడటానికి చర్చికి రావాలన్న షరతు ఉండదు. డబ్బు లెక్క ప్రతి నెలా ఇద్దరు సంతకం పెట్టిన పుస్తకంలో ఉంటుంది. ఈ మూడూ మొదటిరోజే తేలిపోతే తర్వాత గొడవలు రావు.

ఒక్క ఆట చాలు

అన్ని ఆటలూ పెట్టాలన్న ఆశ మొదట్లో ఉంటుంది. వద్దు. మీకు చేతనైన ఆట ఏది? మీ ఊరి పిల్లలు ఇప్పటికే ఆడుతున్నది ఏది? రెండూ కలిసే చోట ఆగండి.

క్రికెట్‌ను నేను పక్కన పెట్టాను. నా మీద కోపం రావచ్చు గాని, ఒకడు బ్యాటింగ్ చేస్తుంటే పదిమంది ఎండలో నిలబడతారు, చిన్నపిల్లలకు బంతి అందదు, పందేలు కాసేవాళ్లు త్వరగా చేరతారు. కబడ్డీకి ఖర్చు లేదు. మెత్తటి మట్టి ఉంటే చాలు. ముందురోజు సాయంత్రం గడ్డపారతో తవ్వి, రాళ్లేరి, నీళ్లు చల్లి వదిలేయాలి. పెద్ద మగపిల్లలకు 13 మీటర్ల పొడవు 10 మీటర్ల వెడల్పు, ఆడపిల్లలకు 12కు 8. ఖోఖో ఆడపిల్లలకు చాలా బాగా కుదురుతుంది, రెండు స్తంభాలు పాతితే అయిపోయింది. మేం వాలీబాల్‌తో మొదలుపెట్టి మూడేళ్ల తర్వాత కబడ్డీ చేర్చాం.

గ్రౌండ్ సంపాదించి, గీతలు సరిగా గీయండి

2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణం అని బోర్డులు పెట్టారు. చాలాచోట్ల వాటిలో తుమ్మచెట్లు మొలిచాయి. పంచాయతీ కార్యదర్శికి, సర్పంచ్‌కు ఒక తెల్లకాగితం మీద అర్జీ రాసివ్వండి: శుభ్రం మేం చేసుకుంటాం, పొద్దున సాయంత్రం పిల్లలు ఆడతారు, ఎవరొచ్చినా ఆడొచ్చు. ఆ ప్రాంగణం ఊరందరిది. అక్కడ చర్చి బ్యానర్ కట్టకండి. సర్కారు బడి గ్రౌండ్ దొరికితే ఇంకా జాగ్రత్త. ప్రభుత్వ డబ్బుతోనే నడిచే విద్యాసంస్థల్లో మత బోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. కాబట్టి బడి గ్రౌండులో ఆట మాత్రమే. వాక్యం చర్చి ఆవరణలోనో, మీ ఇంటి ముందు చెట్టుకిందో, ఇష్టమున్నవాళ్లతో.

కోర్టు గీయడం చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ పిల్లలు మిమ్మల్ని కోచ్‌గా చూడటం అక్కడే మొదలవుతుంది. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు పొడవు, 9 మీటర్లు వెడల్పు. ముందు పొడవు గీత తాడుతో లాగండి. మూల సరిగ్గా రావడానికి మన మేస్త్రీలు చేసే లెక్కే: ఒకవైపు 3 మీటర్లు, ఇంకోవైపు 4 మీటర్లు గుర్తుపెట్టి, రెండు గుర్తుల మధ్య తాడు పట్టి చూడండి. అది సరిగ్గా 5 మీటర్లు వస్తే మూలమట్టం కుదిరింది. నాలుగు మూలలూ అయ్యాక మూల నుంచి మూలకు ఐమూలగా కొలవండి. రెండువైపులా 20 మీటర్ల 12 సెంటీమీటర్లు రావాలి. తేడా వస్తే మళ్లీ మొదటి మూల నుంచి చూసుకోండి. ఈ పని పిల్లలతోనే చేయించండి. మా దగ్గర తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఆరోజు తాడు పట్టుకుని, "అన్నా, ఇది మా లెక్కల పుస్తకంలో ఉన్నదే" అని అరిచింది. గీతలకు ముగ్గుపిండి వాడండి. గోడలకు వేసే ఘాటు సున్నం వద్దు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

నెట్ ఎత్తు మగవాళ్లకు మధ్యలో 2 మీటర్ల 43 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 2 మీటర్ల 24. పదేళ్ల పిల్లలకు 2 మీటర్లకు దించేయండి. అందని నెట్ దగ్గర చిన్నపిల్లాడు వారంలో ఆట మానేస్తాడు.

తల్లిదండ్రులు, భద్రత: ఇక్కడ తొందర వద్దు

ఇది నా మనసులో అన్నిటికన్నా బరువైన భాగం. జట్టులో చేరే ప్రతి పిల్లాడి ఇంటికి, పిల్ల ఇంటికి మీరే వెళ్లండి. ఫోన్ చేయడం కాదు, ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని మాట్లాడండి. నేను క్రైస్తవుణ్ని, చర్చి యవ్వనస్తుల తరఫున ఈ జట్టు నడుపుతున్నాను, ఆట అయ్యాక ఇష్టమున్నవాళ్లతో పది నిమిషాలు బైబిల్ కథ మాట్లాడుకుంటాం, మీ బిడ్డ ఉండాలా వద్దా మీరే చెప్పండి. ఇంత విప్పి చెప్పాలి. ఒక ఇంటి ఆయన నాతో, "ఆట వరకు తోలిస్త, కథ వద్దు" అన్నాడు. సరే అన్నాను. నాలుగేళ్లు వాళ్ల అబ్బాయి ఆట కాగానే సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. స్మాష్ కొట్టేవాడికి బంతి లేపి ఇచ్చే మా లిఫ్టర్ వాడే. జట్టులో వాడి చోటు ఏరోజూ కదల్లేదు.

మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి హక్కునిచ్చింది. ప్రచారం చేసుకునే హక్కంటే ఎదుటివాణ్ని మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, బూట్లిచ్చి, టీషర్టులిచ్చి, కాలేజీ ఫీజు కడతామని చెప్పి విశ్వాసాన్ని అడగడం సువార్తకే అవమానం. బూట్లు ఇస్తే జట్టు మొత్తానికి ఇవ్వండి, లేదా ఎవరికీ ఇవ్వకండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలతో బాప్తిస్మం మాట మీరు ఎత్తకండి. వాళ్లే అడిగితే ముందు వాళ్ల అమ్మానాన్నలు, తర్వాత అయ్యగారు.

ఇక భద్రత నియమాలు. ఏ పెద్దవాడూ ఒక్క పిల్లతోగాని పిల్లాడితోగాని ఒంటరిగా ఉండకూడదు, గదిలోనైనా, బండి మీదనైనా. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఆడపిల్లలు ఉంటే అందులో ఒక స్త్రీ తప్పనిసరి. మా దగ్గర ఒక అక్క కుట్టుమిషన్ పని ఆపుకుని రోజూ గంటన్నర గ్రౌండులో కూర్చుంటుంది. ఆమె రాని రోజు ఆడపిల్లల ఆట లేదు, అంతే. పిల్లలకు మర్దన చేయడం, తలుపులేసి మాట్లాడటం, రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టడం, ఇవేవీ ఉండకూడదు. ఏదైనా తేడా అనిపిస్తే, ఆ మనిషి సంఘంలో ఎంత పెద్దవాడైనా సరే, కప్పిపుచ్చకండి. పిల్లల కోసం 1098 నంబరు ఉంది. పిల్లల మీద లైంగిక నేరాలను ఆపడానికి పోక్సో చట్టం 2012లో వచ్చింది, అలాంటి సంగతి తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం ఆ చట్టం కింద నేరం. సంఘం పరువు పోతుందని ఆగితే అక్కడ నలిగిపోయేది ఒక బిడ్డ.

రోజువారీ ఆట ఎలా నడపాలి

మార్చి చివరి నుంచి జూన్ దాకా మన దగ్గర ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పొద్దుగాల ఐదున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించండి. సాయంత్రమైతే ఐదున్నర దాటాకే. ప్రతి ఇరవై నిమిషాలకూ నీళ్లు, దాహం వేసినా వేయకపోయినా. లీటరు నీళ్లలో చిన్న చెంచాతో తలకొట్టి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన సీసా రెండు సిద్ధంగా ఉంచండి. పిల్లాడు తలనొప్పి అన్నా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా ఆట ఆపి నీడకు మోసుకెళ్లండి, తడిగుడ్డలతో ఒళ్లంతా తుడవండి, 108కి ఫోన్ చేయండి. వానకాలంలో ఉరుము వినబడితే ఆ పాయింట్ కూడా ఆడకుండా అందరూ పక్కా ఇంట్లోకి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. చెట్టుకింద నిలబడనీయకండి.

గంటన్నరను ఇలా పంచుకోవచ్చు. పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం. అరగంట ఒకే ఒక్క నైపుణ్యం, ఈరోజు కింద నుంచి సర్వీస్, రేపు చేతుల మీద బంతి తీసుకోవడం. అరగంట మ్యాచ్. మిగతాది నీళ్లు, సర్దుకోవడం. తర్వాత, ఇష్టమున్నవాళ్లతో పది నిమిషాలు గుండ్రంగా కూర్చోవడం.

ఆ పది నిమిషాల్లో ప్రసంగం చేయకండి. ఒక కథ, ఒక ప్రశ్న, ఒక చిన్న ప్రార్థన. ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉండక్కర్లేదు. ఆరోజు గ్రౌండులో జరిగిన దాని నుంచే ఎత్తుకోండి. ఒకడు ఇంకొకడిని తోసేసిన రోజు క్షమాపణ గురించి మాట్లాడితే అది వాళ్లకు అంటుతుంది. వరసగా ఓడిపోతున్న వారంలో యాకోబు రాత్రంతా పెనుగులాడిన కథ చెప్పండి.

పరుగు పందేల వీరుడు ఎరిక్ లిడెల్ కథ పిల్లలకు తప్పక చెప్పండి, కానీ పూర్తిగా చెప్పండి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల తొలి పరుగులు ఆదివారం పడ్డాయని ఆయన ఆ పోటీ వదులుకున్నాడు, తర్వాత 400 మీటర్లలో 47.6 సెకన్లతో బంగారు పతకం గెలిచాడు. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. ఆదివారం సంగతి ఆయనకు నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ 400 మీటర్లకు సాధన చేశాడు. మరుసటి ఏడాది, పేరు మంచి ఊపు మీదున్నప్పుడే, తాను పుట్టిన చైనాకు తిరిగి వెళ్లి బడిలో పాఠాలు చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం ఆయన్ను వైషియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడ పిల్లలకు ఆటలు ఆడించేవాడు. ఆదివారం మాత్రం ఆడించేవాడు కాదు. ఒక ఆదివారం పిల్లలు తమంతట తాము హాకీ ఆడుకుంటూ అంపైర్ లేక కొట్టుకున్నారు. తర్వాతి ఆదివారం లిడెల్ వెళ్లి అంపైర్‌గా నిలబడ్డాడు. ఒలింపిక్స్ కోసం కూడా వదలని ఆదివారాన్ని ఆ పిల్లల కోసం వదిలాడు. 1945 ఫిబ్రవరిలో, 43 ఏళ్ల వయసులో, మెదడులో గడ్డతో ఆ శిబిరంలోనే చనిపోయాడు. నేను ఈ కథ చెప్పాక ఎప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతాను: రెండుసార్లూ ఆయన దేవుని మాటే విన్నాడా? పిల్లలు అరగంట వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి.

మీరు ఎలా ఆడతారన్నదే వాళ్లు చూసేది

వాలీబాల్‌లో మీ చేయి నెట్‌కు తగిలింది, అంపైర్ చూడలేదు. మీరు చెబుతారా? పిల్లల కళ్లన్నీ అక్కడే ఉంటాయి.

ఒక సంక్రాంతి టోర్నమెంటులో మా కబడ్డీ జట్టు సెమీఫైనల్ ఆడుతోంది. రెండు నిమిషాలు మిగిలాయి, రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అవతలి రైడర్ మా మూలవాడి చీలమండను వేలి కొసతో తాకి గీత దాటాడు. దుమ్ములో ఎవరికీ కనిపించలేదు, అంపైర్ పాయింట్ ఇవ్వలేదు. మావాడికి పదహారేళ్లు. ఒక్క క్షణం నేలచూపు చూసి చెయ్యెత్తాడు. "తాకింది సార్" అని తనే బయటకు నడిచాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. గట్టు మీది జనంలో కొందరు వాణ్ని తిట్టారు. మ్యాచ్ తర్వాత అవతలి జట్టు కెప్టెన్ వచ్చి వాడి భుజం మీద చెయ్యేసి చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేను అడగలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. అంతకు ముందటేడు ఒక మ్యాచ్‌లో సర్వీస్ మూడుసార్లు నెట్‌కు కొట్టిన పిల్లాణ్ని అందరిముందూ అరిచాను. వాడు నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు వాళ్లింటికి వెళ్లి, వాళ్లమ్మ ముందు, "తప్పు నాది నానా" అని చెప్పాను. ఆ వారం చెప్పిన కథల కన్నా ఆ మాటే వాడికి గుర్తుంది. మీరూ అరుస్తారు. అరిచిన రోజే, అందరిముందు అరిస్తే అందరిముందే, ఒప్పుకోండి.

ఆదివారం మ్యాచ్, కొబ్బరికాయ

ఈ రెండు ప్రశ్నలు ప్రతి క్రైస్తవ ఆటగాడికీ వస్తాయి. టోర్నమెంటు డ్రా వేసే రోజే నిర్వాహకుల దగ్గరకు వెళ్లి, ఆదివారం పదకొండు లోపు మా మ్యాచ్ పెట్టకండన్నా అని అడగండి. మర్యాదగా ముందే అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు. వీలుకాదంటే అయ్యగారితో మాట్లాడి పొద్దున ఆరింటికే చిన్న కూడిక పెట్టుకోండి. ఏం చేయాలో మ్యాచ్ రోజు కాకుండా నెల ముందే తేల్చుకోండి, లిడెల్ చేసినట్టు. జట్టులో మిగతా మతాల పిల్లల మీద మీ ఆదివారాన్ని రుద్దకండి. వాళ్లు ఆడాలనుకుంటే ఆడనివ్వండి.

టోర్నమెంటు మొదట్లో కొబ్బరికాయ కొడతారు, ప్రసాదం పంచుతారు. మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే పక్కన మర్యాదగా నిలబడండి, మొహం చిట్లించకండి, ఫోన్ చూస్తూ నిలబడకండి. ఎవరైనా ఇస్తే చేతులు జోడించి వద్దన్నా అనండి, కారణాల చిట్టా విప్పకండి. జట్టులోని హిందూ పిల్లలు కోర్టులోకి దిగేముందు మట్టి తాకి కళ్లకద్దుకుంటారు. మీ పిల్లలు వాళ్లను ఎగతాళి చేస్తే ఆరోజు ఆట లేదని చెప్పండి. రంజాన్ నెలలో ముస్లిం పిల్లలుంటే సాయంత్రం సాధన తేలిక చేయండి, ఇఫ్తార్ వేళకు వదిలేయండి.

సాక్ష్యం చెప్పే రోజు

ఏడాదికోసారి, వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) ముగింపు రోజునో, యవ్వనస్తుల కూడికలోనో, జట్టులో ఒకరిని సాక్ష్యం, అంటే విశ్వాసం తన బతుకును ఎలా మార్చిందో, చెప్పమంటారు. మూడు నిమిషాలు చాలు. ముందు రాయించి, రెండుసార్లు చదివించండి. యేసయ్యే మమ్మల్ని గెలిపించాడు అనే వాక్యం ఉంటే తీసేయించండి. అవతలి జట్టులోనూ ప్రార్థన చేసిన పిల్లాడు ఉన్నాడు, వాడు ఓడిపోయి ఇంటికి వెళ్లాడు. నేను ముందు తాగేవాణ్ని, దొంగతనం చేసేవాణ్ని అని లేని పాపాలు పెంచి చెప్పడం మన కూడికల్లో ఒక అలవాటైపోయింది. దాన్ని రానివ్వకండి. కోపం ఎలా తగ్గింది, ఓటమిని ఎలా మోశాడు, ఎవరిని క్షమించాడు, అంత చిన్న నిజం చెబితే చాలు.

ప్రతిభ కనిపిస్తే మీ దగ్గర పట్టి ఉంచకండి

పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో, అంటే బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవాళ్ల పోటీలో, కాంస్యం గెలిచింది. అదే ఏడాది కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. చిన్నప్పుడు ఊళ్లోవాళ్లు హేళన చేసిన పిల్ల ఆమె. ఊరి బడిలో ఒకరి కంట పడింది కాబట్టి బయటకు వచ్చింది. మీ ఊళ్లో కూడా మాట ఆలస్యమైందని, బుద్ధి మందమని ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లలు ఉంటారు. గ్రౌండుకు వాళ్లను మీరే వెళ్లి పిలుచుకు రండి. అది దయ చూపడం అనుకోకండి, వాళ్లకు రావాల్సిన చోటు అది.

వేగంగా పరుగెత్తే పిల్ల, ఎత్తుకు ఎగిరే పిల్లాడు కనిపిస్తే హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి తీసుకెళ్లి కోచ్‌కు చూపించండి. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన సింథటిక్ ట్రాక్ అది. ఆ ట్రాక్ మీద ఒకసారి ఒట్టికాళ్లతో నడిచినా పిల్లల కళ్లు మారిపోతాయి. మూడో తరగతి చదివే చురుకైన పిల్లలుంటే, హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల్లో నాలుగో తరగతి ప్రవేశాల ఎంపిక ఎప్పుడో కనుక్కుని వాళ్ల ఇంట్లో చెప్పండి. ఇంటర్ అయి ఆట వదల్లేని పెద్ద పిల్లలకు పీఈటీ చదువు గురించి చెప్పండి. మద్రాసులో హ్యారీ క్రో బక్ 1920లో మొదలుపెట్టిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. మన దేశంలో వ్యాయామ ఉపాధ్యాయుల చదువుకు దారి వేసిన చోటు అది. నన్ను తలుపు దగ్గరి నుంచి లోపలికి పిలిచింది పీఈటీ సారే కాబట్టి, ఆ ఉద్యోగాన్ని నేను పరిచర్య అనే పిలుస్తాను.

పిల్లలు అలా వెళ్లిపోతుంటే మీ జట్టు బలహీనపడుతుంది. రెండేళ్లు వరసగా మేం మొదటి మ్యాచ్‌లోనే ఇంటికొచ్చాం. బాధ ఉంటుంది, ఆపకండి.

సామాను

వాన కాలంలో నెట్ తడిగా మడిచి పెడితే నెలలో పీలికలైపోతుంది. నీడలో ఆరబెట్టి, మధ్యకు మడిచి, తాళ్లు విడిగా చుట్టి సంచిలో పెట్టండి. బంతులు రెండు చాలు, మూడోది మ్యాచ్‌లకే. గాలి పంపు సూదులు చిన్న డబ్బాలో వేసి మీ దగ్గరే ఉంచుకోండి, అవి పోయినంత త్వరగా ఏదీ పోదు. సామాను గదికి తాళంచెవులు రెండు చేయించండి. ఒకటి మీ దగ్గర ఉంచుకుని, రెండోది జట్టులో చర్చికి రాని పిల్లల్లో ఒకరి ఇంట్లో ఇవ్వండి. మా రెండో తాళంచెవి ఇప్పటికీ ఆ లిఫ్టర్ వాళ్ల నాన్న దగ్గరే ఉంది. నేను ఊళ్లో లేని రోజున పొద్దుగాల ఐదింటికి గది తీసి నెట్ బయట పెట్టేది ఆయనే.